గరుకు కుండ

దాలయ్య అని ఒక కుమ్మరాయన, పెళ్లాం పురుడుకని పుట్టింటికెళ్లి మరి తిరిగి రాకపోతే, పొద్దు వాలేసరికి చేతికున్న మట్టైనా కడుక్కోకుండా వాకిట్లో కుండలు చేసే సారె పక్కన కూర్చుని గెడ్డ అవతలి దారి చూస్తా ఉండేవాడంట. కూర్చోండి, కూర్చోండి. ఒసే చిట్టీ, చెంబు ఆ వడపోత కుండ కుళాయి కింద పెట్టావు కదా, ఇంక దాని మొహం చూడకు. నీ ఆత్రం చూసి అది తొందరగా కారదు. అది నిండేలోగా ఈ కథ అయిపోద్ది. దాహం కాసేపు ఆపుకోడం కూడా ఒక చదువే. నేను చదివింది అయిదో తరగతే అనుకో, ఈ చదువు మాత్రం పూర్తిగా చదివాను. సరే, ఎక్కడున్నాం? దాలయ్య. ఆ గెడ్డ, అదే వాగు, దాని అవతల కొండ మీద ఉంది పారమ్మ పుట్టిల్లు. పారమ్మంటే ఆయన పెళ్లాం. ఆ కొండ మీంచి వచ్చే మనుషులు సాయంత్రం పూట గెడ్డ దాటి ఊళ్లోకి వస్తారన్నమాట. వాళ్లలో చంకన పిల్లనెత్తుకున్న ఆడమనిషి ఎవరు కనపడ్డా ఈయన లేచి నిలబడిపోయేవాడంట. దగ్గరికొచ్చాక ఎవరో పరాయిది. మళ్లీ కూర్చునేవాడు. రోజూ లేవడం, రోజూ కూర్చోడం.

ఎందుకు రాలేదంటే, చెప్తాను. వాళ్లకి మొదట ఒక కొడుకు. అసిరి అని పేరు. అడుగులేసే వయసు. ఆ కుమ్మరివీధి మొత్తానికీ గెడ్డ నీళ్లే గతి. ఎండాకాలం ఇసకలో చెలమ తీసుకుని తాగుతారు, వానాకాలం వస్తే ఎర్ర వరద. పైన పశువుల్ని కడిగిందీ అందులోకే, మనుషులు చెంబట్టుకెళ్లిందీ ఆ గట్టుకే. దాలయ్య తల్లి సూరమ్మ ఏం చేసేదంటే, కుండ లోపల ఇండుపగింజ అరగదీసి ఆ నీళ్లు పోసేది. కాసేపట్లో మట్టంతా అడుక్కి దిగిపోయి పైన నీళ్లు అద్దంలాగ మెరిసేవంట. "చూడండి, మొహం చూసుకోవచ్చు" అనేది. మొహం చూసుకోడానికి బాగానే ఉంటాయి. తాగడానికి బాగుంటాయని ఎవరు చెప్పారు? కంటికి కనపడని మురికే కదా మనిషిని తీసేది. పారమ్మకి అనుమానం. ఆమె పెరిగిన చోట కొండ ఊట, దాని సంగతి వేరు. "అత్తా, పిల్లోడికి ఇస్తున్నాం, కాచి చల్లార్చి పోద్దాం" అందంట. సూరమ్మ ఏమంది? "ఆవానికి దాచిన పుల్లలు నీళ్ల కింద తగలేస్తావేటే? పుల్లలు లేకపోతే కుండలెలా కాలతాయి, కుండలు కాలకపోతే కూడెలా ఉడుకుద్ది? మేం తాగలేదా ఈ నీళ్లు? మా అత్త తాగలేదా?" అంది. చెడ్డదయి అనలేదు. కుమ్మరోళ్ల ఇంట్లో పుల్ల అంటే పుల్ల కాదు, కూడు. అక్కడే ఉన్న దాలయ్య ఆ మాటా అనలేదు, ఈ మాటా అనలేదు. ఆ వానల్లోనే అసిరికి వాంతులూ విరోచనాలూ పట్టుకున్నాయి. బండి కట్టి ఆస్పత్రికి బయల్దేరారు కానీ, వరదలో బండి గెడ్డ దాటలేదు. అంతే. ఆ మాట ఇంక నేను పొడిగించను.

పారమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదంట. మళ్లీ నీళ్లోసుకుంది, పురుడుకని పుట్టింటికెళ్లింది, ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో పిల్లని తండ్రి ఇంటికి తేవాలి, ఉయ్యాల వెయ్యాలి, పేరు పెట్టాలి, అది వాళ్ల పద్ధతి. దాలయ్య కొత్త చీరా, పిల్లకి వెండి మొలతాడూ పట్టుకుని వెళ్లాడు. పారమ్మ కాళ్లకి నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, పిల్లని ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుని వదల్లేదంట. అంతా అయ్యాక మెల్లగా ఏమందంటే, మావా, నాకు నీ మీద కోపం లేదు, కానీ నేను రాను అంది. "ఆ నీళ్లు మారాలి. మారిన రోజు నా కూతుర్నెత్తుకుని నా కాళ్ల మీద నేనే వస్తాను, నువ్వు చీర కూడా తేవక్కర్లేదు." కాచి తాగుదాం, పుల్లలు నేను తెస్తానన్నాడు దాలయ్య. "ఆవం పేర్చేవేళ పుల్ల తక్కువైతే నీ చెయ్యి ఎటెళ్తుందో నాకు తెలీదా? నేను పొలం పనికెళ్లిన పూట మీ అమ్మ చెయ్యి ఇండుపగింజ దగ్గరికెళ్లకుండా ఎవరు ఆపుతారు? ఒకసారి నమ్మి పోగొట్టుకున్నాను మావా" అందంట. పిల్లకి పేరైనా పెట్టకుండానే వెనక్కొచ్చాడు. ఆ వేలు ఉంది చూశారూ, పిల్ల పట్టుకున్న వేలు, సారె మీద మట్టి పట్టినప్పుడల్లా ఆ వేలు దగ్గర చెయ్యి ఆగిపోయేదంట.

ఇలా ఉండగా ఏమైందంటే, ఆ ఊరికి సూదులెయ్యడానికి వచ్చే నర్సమ్మ ఒకావిడుంది. ఆవిడ ఎక్కడో మీటింగుకెళ్లి, మట్టితో చేసిన నీళ్ల వడపోత కుండ ఒకటి తెస్తే అది బస్సులో పగిలిపోయిందంట. ఆ పెంకు తెచ్చి దాలయ్య చేతిలో పెట్టింది. "మట్టిలో ఊకపొడి కలిపి చేస్తారంట దాలయ్యా. కాల్చినప్పుడు ఊక కాలిపోయి దాని చోట కంటికి కనపడని సందులు మిగులుతాయంట. నీళ్లు ఆ సందుల్లోంచి దిగుతాయి, జబ్బు చేసే పురుగు దిగలేదు. నాకు తెలిసింది ఇంతే. మిగతాది నీ చేతి పని" అంది. దాలయ్య ఆ పెంకు నాలిక మీద పెట్టుకున్నాడంట. నాలిక్కి అంటుకుపోయింది. తడిని పీలుస్తోంది. అప్పుడు ఆయనకి ఏదో వెలుగు కనపడినట్టయింది. కానీ అసలు చిక్కేంటో చూడండి. ఆ ఇంటికి పేరు దేంతోటి వచ్చింది? వాళ్ల కుండ కారదని. పెళ్లికి పట్టుకెళ్లే కుండలు కూడా చుట్టుపక్కల ఊళ్లన్నీ వాళ్ల దగ్గరే చేయించుకునేవి. అలాంటి ఇంట్లో పుట్టినోడు ఇప్పుడు కారే కుండ చెయ్యాలి! వీధిలో నవ్వారు. "ఏరా దాలీ, పెళ్లాం రాలేదని మతి పోయిందేటి? కారే కుండ కావాలంటే మా ఇంట్లో చాలా ఉన్నాయి, పట్టుకుపో" అన్నాడంట పక్కింటి సన్నాసి.

మొదటిసారి ఊక ఎక్కువ పడింది. మిల్లు దగ్గర ఊక తెచ్చి, దంచి, జల్లించి, మట్టిలో తొక్కి, మొక్కల తొట్టి ఆకారంలో చేసి కాల్చాడు. నీళ్లు పోస్తే జల్లెడలోంచి పడ్డట్టు పడిపోయాయి. నర్సమ్మ చూసి, "కారడం కాదయ్యా, ఊరాలి. బొట్టు బొట్టుగా దిగాలి. గబగబా దిగితే పురుగు కూడా దిగిపోద్ది" అంది. సరే, ఊక తగ్గించాడు. ఈసారి అసలు దిగలేదు. పొద్దున్న పోస్తే పొద్దుగూకేసరికి గుక్కెడు లేవు. కొంచెం పెంచాడు, దిగలేదు. మట్టి మార్చాడు, దిగలేదు. మంట పెంచాడు, ఒకటి పగిలిపోయింది, మిగతావి దిగలేదు. వానలు వెళ్లిపోయాయి, మంచు వచ్చింది. గాజులమ్మ ఒకావిడ కొండ దిగి వచ్చేది, ఆవిడే వాళ్లకి కబురు. ఒకసారి వచ్చి, "మీ పిల్ల బోర్లా పడుతోంది" అంది. ఇంకోసారి వచ్చి, "పాకుతోంది, గుమ్మం దాకా వచ్చేస్తోంది" అంది. దాలయ్య ఆ రాత్రి అన్నం తింటా, "అమ్మా, మన గుమ్మం కొంచెం ఎత్తు కదా" అన్నాడంట. అంతే అన్నాడు. సూరమ్మ లేచి వెళ్లి పొయ్యి దగ్గర ఏదో సర్దుతున్నట్టు నిలబడిపోయింది. పిల్ల లేని ఇంట్లో గుమ్మం ఎత్తు గురించి మాట్లాడుకున్నారు, చూడండి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, కథ మలుపు ఇక్కడుంది. ఒరే నవ్వులాపండి. కుమ్మరోళ్ల ఇళ్లలో సారె మగాడిది, నునుపు ఆడదానిది. కుండ సగం ఆరి ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఆడోళ్లు దానికి జాజు, అదే ఎర్రమట్టి, పూసి, నున్నటి రాయితో రుద్దుతారు. అలా రుద్దితే మట్టి కణం కణం కలిసిపోయి, కుండ మెరుస్తుంది, నీరు జారకుండా మూసుకుపోద్ది. సూరమ్మ దగ్గర ఒక రాయి ఉండేదంట, వాళ్ల అత్త ఇచ్చింది, కోడిగుడ్డంత, నల్లది. ఆ చేతికీ ఆ రాయికీ ఎంత అలవాటంటే, పచ్చి కుండ కనపడితే చెయ్యి దానంతట అదే రాయి మీదికెళ్లిపోయేది. ఈయన పుల్లలకి వెళ్లిన మధ్యాహ్నం పూట ఆమె ఈ కొత్త కుండల్నీ రుద్దేసేది! ఆ మొదటిదాంట్లో ఊక మరీ ఎక్కువై రుద్దినా మూసుకోలేదు. రోజూ చేసే పనే కాబట్టి ఆమె చెప్పలేదు. రోజూ చూసే మెరుపే కాబట్టి ఈయనా అడగలేదు. ఆమె మనసులో ఏముందో తెలుసా? ఈ కుండలో నీళ్లు నా కోడలు తాగుద్ది, నా మనవరాలు తాగుద్ది, వాళ్ల కోసం చేసింది గరుకుగా వదిలేస్తానా అని, మామూలు కుండ కంటే ఇంకో రెండు చేతులు ఎక్కువ రుద్దేదంట. ప్రేమతోనే మూసేసింది అన్ని సందులూ. ప్రేమ ఉంటే చాలదర్రా. ఎక్కడ చెయ్యి వెయ్యకూడదో కూడా తెలియాలి.

అయితే ఒక మధ్యాహ్నం ఆమె ఒక కుండ సగం రుద్దింది, ఇంతలో వీధి చివర్నించే గాజులమ్మ కేకేసుకుంటా వచ్చింది. "సూరమ్మప్పా! ఓ సూరమ్మప్పా! నీ మనవరాలికి పళ్లొచ్చాయి! కింద రెండు, బియ్యంగింజల్లాగ!" సూరమ్మ రాయి అక్కడే పారేసి పరిగెట్టింది. ఎలాంటి పళ్లు, కొరుకుతోందా, ఎవర్ని కొరికింది, జొల్లు కారుస్తోందా, ఎవరి పోలిక, నవ్వితే బుగ్గన సొట్ట పడుతోందా, అన్నీ అడిగింది. చెప్పినవే మళ్లీ చెప్పించుకుంది. గాజులమ్మ విసుక్కుని, "ఏటప్పా, నా గాజులు అమ్ముకోనీవా" అందంట. ఆ ఆనందంలో ఆ కుండ సంగతి మర్చిపోయింది. దాలయ్య తెచ్చి ఆవంలో పెట్టేశాడు. కాలింది. చల్లారాక రాళ్ల మీద నిలబెట్టి నీళ్లు పోసి, కింద చెంబు పెట్టి కూర్చున్నాడు. కూర్చుని చూస్తే, కుండకి ఒక పక్క చెమట పట్టినట్టు సన్నగా బొట్లు లేస్తున్నాయి. రెండో పక్క పొడిగా ఉంది. తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. ఊక సరిగ్గా కలవలేదేమో అనుకున్నాడు. తల్లిని పిలిచాడు. సూరమ్మ వచ్చి చూసింది. మన రాత మనం గుర్తుపట్టమా? అలా ఆమె తన చేతి గీత గుర్తుపట్టింది. ఎక్కడ రాయి ఆగిందో అక్కణ్నించి తడి మొదలైంది. ఆ గీత మీద వేలు పెట్టి, కుండ పక్కనే చతికిలబడిపోయింది. "ఒరే దాలీ, మట్టి కాదురా. ఊక కాదు. నా చెయ్యి" అంది. ఆ చెయ్యి తిప్పి చూసుకుని, తనలో తను అనుకున్నట్టు, "అసిరిగాడికి పుల్లలు ఇవ్వనన్నదీ ఈ చెయ్యే" అందంట. దాలయ్య వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

అక్కణ్నించి చూడాలి ఆ ముసిలిదాని అవస్థ. కొత్త కుండలు ఆరబెట్టారు. అవి పచ్చిగా, గరుకుగా, ఎండలో వరసగా ఉన్నాయి. ఆమె చేతులు ఊరుకోవు. రాయి రొంటిన దోపుకుని కుండల చుట్టూ తిరుగుద్ది, దగ్గరికెళ్తుంది, వెనక్కొచ్చేస్తుంది. సన్నాసి పెళ్లాం చూసి, "ఏటత్తా, ముళ్లపంది కుండలు చేస్తున్నారేటి? నీ చేతులు పడిపోయాయా?" అని ఆటపట్టించింది. పేరున్న మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో అనుకోండి. "ఆఁ, పడిపోయాయే తల్లీ" అనేసి ఊరుకుందంట. పని చెయ్యడం గొప్పే, కాదనను. చెయ్యగలిగిన పని చెయ్యకుండా చెయ్యి కట్టుకు కూర్చోడం అంతకంటే కష్టం. నమ్మకపోతే మీరు ఒక్క పూట ఉండి చూడండి. చివరికి కొడుకే ఒక ఉపాయం చెప్పాడు. పైన ఊరే కుండ గరుకుది. కింద నీళ్లు పట్టుకునే కుండ కారకూడదు కదా, అది నువ్వు రుద్దమ్మా అన్నాడు. ఇంక చూస్కో! కింది కుండని ఆమె పెళ్లి కుండలా రుద్దింది, తెల్లటి ముగ్గు గీతలు పెట్టింది, పక్కన బెజ్జానికి వెదురు గొట్టం, దానికి బిరడా. అప్పట్లో ఈ ప్లాస్టిక్ కుళాయి ఎక్కడిది? పై కుండని మాత్రం వేలితో కూడా ముట్టుకోలేదు. నీళ్లు పోస్తే బొట్టు, కాసేపాగి బొట్టు. నర్సమ్మ సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించి వచ్చింది. "తాగొచ్చు. కానీ మూత ఉండాలి, గ్లాసు ముంచకూడదు, దిగడం తగ్గితే మెత్తటి కుంచెతో లోపల రుద్ది కడగాలి, సబ్బు పెట్టకూడదు" అంది. సూరమ్మ చిన్నపిల్లలా ఆ మాటలు తిరిగి అప్పజెప్పిందంట.

దాలయ్య కావడి కట్టాడు. ఒక పక్క గడ్డిలో చుట్టిన కుండలు, రెండో పక్క బిందెడు గెడ్డ నీళ్లు, ఆ ఊరివే, ఆ బురదవే. కొండ ఎక్కాడు. మావగారు ఎదురొచ్చి, "ఏటల్లుడా, మా ఊటకి నీళ్లు మోసుకొచ్చావా?" అని నవ్వాడు. దాలయ్య వాకిట్లో కుండ మీద కుండ పెట్టి, ఆ బురద నీళ్లు పై కుండలో పోసి, పక్కన కూర్చున్నాడు. రమ్మని అడగలేదు. పారమ్మ గడపలో నిలబడింది. పిల్ల పాక్కుంటా వచ్చింది. ఈయన్ని చూసి ఎవరో కొత్త మనిషని మొహం ముడిచి తల్లి కాళ్ల వెనక్కి వెళ్లిపోయింది. వేలు పట్టుకుని వదలని పిల్ల! చెయ్యి చాపబోయి, ఏడుస్తుందేమోనని వెనక్కి తీసుకున్నాడంట. చూడండి, సూరమ్మకీ కొడుక్కీ ఒకటే చదువు వచ్చింది, చెయ్యి ఆపుకోడం. లోపల టప్, టప్ అని చప్పుడు. ఎండ వాకిలి దాటి గోడెక్కింది. పారమ్మ అప్పుడు వచ్చి, పై కుండ ఎత్తి కింద చూద్దామని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. కుండ గరుకుగా ఉంది. ఆమె మొహం పాలిపోయింది. "అత్తకి ఒంట్లో బాగోలేదా మావా?" అంది. బాగానే ఉంది అన్నాడు. "అబద్ధం చెప్పకు. మంచాన పడిందా? ఆ ఇంట్లోంచి ఇలాంటి కుండ బయటికొచ్చిందంటే..." కిందది చూడమన్నాడు. చూసింది. అద్దంలా మెరుస్తోంది, ముగ్గు గీతలున్నాయి. అత్త చెయ్యే. మళ్లీ పైదాన్ని తడిమింది. "మరి ఇది రుద్దలేదేం?" అంది. "రుద్దితే నీళ్లు దిగవంట. నువ్వు రావంట" అన్నాడు. పారమ్మ ఆ గరుకు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే కూర్చుందంట. ఎన్ని మధ్యాహ్నాలు ఆ ముసిలిది ఆ రాయి రొంటిన దోపుకుని తిరిగిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, అదే ఇంట్లో కాపరం చేసింది కదా. నీళ్లు మారాయని వెళ్దామనుకుందో, ఆ చెయ్యి మారిందని వెళ్దామనుకుందో నాకు తెలీదు. లేచి, "కావడి సర్దు. పిల్లకి గౌను తొడిగి వస్తాను" అంది.

వాళ్లు గెడ్డ దాటేసరికి సూరమ్మ వీధి మొదట్లో నిలబడుంది. మనవరాల్ని చూడగానే రెండు చేతులూ చాపింది. చాపి, టక్కున వెనక్కి తీసేసుకుని, "ఉండండి, చేతులు కడుక్కొస్తాను" అని లోపలికి పరిగెట్టిందంట! వీధంతా నవ్వింది. పారమ్మ కూడా నవ్వింది, ఆ ఊళ్లో ఆమె నవ్వి చాలా కాలమైంది. ఇంట్లో కుండ పెట్టి నీళ్లు పోశారు. మొదటి చెంబు నిండాక సూరమ్మ కోడలికి అందించింది. పారమ్మ తాగలేదు. ఎవరికీ ఇవ్వలేదు. ఆ చెంబు పట్టుకుని గెడ్డ గట్టుకెళ్లి, అసిరిని పెట్టిన చోట మెల్లగా పోసి వచ్చింది. మట్టి పీల్చేసుకుంది. వెనక దాలయ్య వెళ్లాడు, ఆయన వెనక సూరమ్మ వెళ్లింది. వచ్చాక రెండో చెంబు పట్టారు, అది పిల్లకి. ఆ మర్నాడు ఉయ్యాల వేశారు, పేరు పెట్టారు. ఆ నల్ల రాయి ఏమైందంటారా? సూరమ్మ దాన్ని పై కుండ మూత మీద బరువు పెట్టింది, ఎవరూ మూత తీసి గ్లాసు ముంచకుండా. ఇంటికొచ్చినోళ్లు మూత ముట్టుకుంటే, "ఆ రాయి నా చేతినే ఆపింది, నీ చెయ్యి ఎంత?" అనేదంట.

అదీ కథ. మంచి నీళ్లు ఇప్పుడు ఇంటింటికీ వచ్చాయి, పోయినోళ్లు ఎవరూ రాలేదు. ఒక బొట్టు ఆలస్యమైతే చిరాకు పడతారు మీరు. ఆ బొట్టు కోసం ఎవరెవరు ఎన్నాళ్లు దారి చూశారో తెలీక. ఏమే చిట్టీ, చూడు, చెంబు నిండింది, పైకి పొర్లుతోంది కూడా. నువ్వు చూడనప్పుడే నిండింది. తాగు. ముందు ఆ చెయ్యి కడుక్కో.